బ్లాక్ సబ్బత్, ఒక అరవై క్యాసెట్, ఒక ఫ్లాక్ ఫోల్డరు

మా క్యాసెట్లో వాన పడేది కాదు. రికార్డులో పడుతుంది. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బంలో మొదటి పాట వర్షంతోనే మొదలవుతుంది. కాసేపు వాన, ఎక్కడో ఉరుము, చర్చి గంట, ఆ తర్వాత ఉన్నట్టుండి మీద పడే గిటారు. మాకు మాత్రం గంట ఒక్కటే వినబడేది. దాని వెనక ‘స్స్స్’మని ఒక రొద. అది టేపు రొదే అనుకునేవాళ్లం. పాటకీ పాటకీ మధ్య ఖాళీల్లో కూడా అదే రొద ఉండేది మరి. ఉరుము వచ్చే చోట స్పీకరు జాలీ అదిరి గరగరమనేది, అంతే.

ఆ క్యాసెట్ తెచ్చింది మా పెదనాన్నగారి అబ్బాయి. సెలవులకి హాస్టల్ నుంచి వస్తూ బట్టల మడతల్లో పెట్టుకుని తెచ్చాడు. ఎవరి దగ్గరో ఎల్పీ ఉందట. దాన్నుంచి ఒకరు ఎక్కించుకున్నారు, ఆ క్యాసెట్ నుంచి ఇంకొకరు, అలా చేతులు మారి మారి అన్నయ్య దాకా వచ్చింది. అసలు సరుకు ‘వీ సోల్డ్ అవర్ సోల్ ఫర్ రాక్ అండ్ రోల్’ అనే సంకలనం. 1975 చివర్లో వచ్చింది, రెండు ఎల్పీలు. బ్యాండు మొదటి ఆరు ఆల్బంలలోంచి ఏరిన పాటలు. రెండు ఎల్పీలు కలిపితే గంట దాటి చాలా ఉంటుంది. అన్నయ్య దగ్గరున్నదేమో అరవై నిమిషాల క్యాసెట్. అందుకని ఏ సైడు ఎల్పీలో ఉన్న వరసలోనే వచ్చినంతవరకు ఎక్కించి, బి సైడుకి తనకి నచ్చినవి ఏరుకున్నాడు. అట్ట లోపల నీలం సిరాతో పేర్లు రాశాడు. చోటు చాలక చివరి రెండూ చీమల బారు అక్షరాల్లో మడత మీద పడ్డాయి, మడిచీ మడిచీ అవి చెరిగిపోయాయి కూడా.

ఏ సైడు చివర ‘వార్ పిగ్స్’. దాదాపు ఎనిమిది నిమిషాల పాట, మాకు ఆరు నిమిషాల చిల్లర దక్కేది. టోనీ అయోమీ గిటారు చివరి పరుగు అందుకునే చోట టక్కుమని మీట పైకి లేచేది. ఏళ్ల తరబడి ఆ పాట నాకు అక్కడే అయిపోయింది. ఇప్పటికీ ఆ చోటు వచ్చేసరికి చెయ్యి క్యాసెట్ తిప్పడానికి సిద్ధమవుతుంది.

మా టేప్‌రికార్డరుకి ఒకటే స్పీకరు. స్టీరియో అనే మాట డబ్బా మీద చదవడమే గానీ విన్నది లేదు. సెల్లులు అయిపోవస్తే పాట నెమ్మదించి, ఆజీ ఆజ్‌బర్న్ గొంతు బొంగురుపోయేది. మాకది ఇంకా నచ్చేది! హెవీ మెటల్లో ‘హెవీ’ అంటే ఇదేనని నిర్ధారించుకున్నాం. గరగర, రొద, బరువు, అన్నీ కలిసిన ఒక నల్లటి ముద్ద. అందులో ఏది గిటారో, ఏది బేసో, ఎక్కడ డ్రమ్మో విడదీసి వినాలన్న ఆలోచనే రాలేదు. ‘పారనాయిడ్’లో గిటారు సోలో దగ్గర మరీ ముక్కలు ముక్కలుగా గరగరమనేది, అది మా స్పీకరు రోగమే అనుకున్నాం. ‘స్వీట్ లీఫ్’ మొదట్లో దగ్గు ఉంటుంది. అది పాటలోదే అని అన్నయ్య కూడా ఒప్పుకునేవాడు కాదు. “మా రూమ్మేట్‌దిరా ఆ దగ్గు, రికార్డు చేస్తుంటే దగ్గాడు వెధవ” అని ఖచ్చితంగా చెప్పాడు. మరి ఒకే దగ్గు అన్నిసార్లు అచ్చంగా అదే మోతాదులో ఎలా దగ్గాడని మేమూ అడగలేదు.

నా స్నేహితుడొకడికి గిటారు ఉండేది. క్యాసెట్ పెట్టుకుని పక్కనే వాయించేవాడు. ‘పారనాయిడ్’ రెండు మూడు సాయంత్రాల్లో పట్టేశాడు. ‘ఐరన్ మ్యాన్’ అయితే మొదటి రోజే. ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’ దగ్గర మాత్రం బొక్కబోర్లా పడ్డాడు. అట్టడుగు తీగని ఉత్తగా మీటినా పాట దానికంటే కింద మోగేది. క్యాసెట్ నెమ్మదిగా తిరుగుతోందని వాడన్నాడు. కొత్త సెల్లులు వేశాం. అయినా కుదర్లేదు. నీకు చేతకాక క్యాసెట్ మీద పెడుతున్నావని నేనన్నాను. మాటా మాటా పెరిగి కొన్నాళ్లు ఆ పాట ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఎంపీ3ల కాలం. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సీడీ నిండా వందల పాటలు, అన్నీ 128 కేబీపీఎస్, అంటే సెకనుకి 128 కిలోబిట్లు. సీడీ ఆడియో సెకనుకి 1,411 కిలోబిట్లు, అంటే పదకొండో వంతుకి కుదించారన్నమాట. ‘పారనాయిడ్’ సీడీలో దాదాపు 30 ఎంబీ, మా చేతికొచ్చింది మూడుకి లోపే. అప్పటి ఫోన్లకీ డిస్కులకీ అదే మహాభాగ్యం. ‘వార్ పిగ్స్’కి ముగింపు ఉందని తెలిసింది కూడా అప్పుడే. చిట్టచివర టేపు వేగం పెంచి, పాటని కీచుమనిపించి ఆపేస్తారు. ఆ పని చేసింది బ్యాండు కాదు, ప్రొడ్యూసర్ రాడ్జర్ బెయిన్, ఇంజినీర్ టామ్ ఆలమ్. అదే మా క్యాసెట్లో గనక వినబడి ఉంటే మోటారు పోయిందని విప్పి కూర్చునేవాళ్లం.

వాన ఉందని కూడా ఎంపీ3లోనే తెలిసింది. కానీ అదేం వాన? గొట్టంలో నీళ్లు గుడగుడలాడినట్టుండేది. దానికి కారణం ఉంది. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి ఆనదు. ఆ ఆనని భాగాన్ని పారేసి ఎంపీ3 చోటు మిగుల్చుకుంటుంది. బిట్లు సరిపడా ఉంటే ఈ లెక్క బాగానే నడుస్తుంది. సరిపోనప్పుడు ముందుగా దెబ్బ తినేది ఒక స్వరం అంటూ లేని శబ్దాలే. వాన, చప్పట్లు, సింబల్స్. బ్లాక్ సబ్బత్‌లో చప్పట్ల సంగతెలా ఉన్నా, సింబల్స్‌కి కరువు లేదు.

శబ్దంలో ఏదీ పారేయకుండానే ఫైలుని కుదించే ఫ్లాక్ గురించి వినడం చాన్నాళ్ల కిందటే విన్నాను. జాష్ కోల్సన్ రాసిన ఆ కోడెక్ మొదటి పూర్తి వెర్షన్ 2001లోనే వచ్చింది. అవసరం అనిపించలేదు, డిస్కులో చోటూ లేదు. తీరా మోజు పుట్టాక ఒకాయన ‘పక్కా లాస్‌లెస్’ అంటూ ఫోల్డరు ఇచ్చాడు. విన్నాను. వాన మళ్లీ గుడగుడ! అనుమానమొచ్చి, ఏ ఎత్తులో ఎంత శబ్దముందో బొమ్మ గీసి చూపే స్పెక్ట్రోగ్రామ్ తీసి చూస్తే, ప్రతి పాటలోనూ సరిగ్గా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత, దానిపైన శూన్యం. 128 ఎంపీ3ని తీసుకొచ్చి ఫ్లాక్ సంచిలో పోశారు. ఫైలు మాత్రం ఎంచక్కా ఆరేడు రెట్లు ఉంది. ఒకసారి పారేసిన శబ్దం ఎంత పెద్ద సంచిలో పోసినా తిరిగి రాదు.

ఇక లాభం లేదని అదే సంకలనం పాత సీడీ ఒకటి సంపాదించి నేనే ఫ్లాక్‌లోకి ఎక్కించుకున్నాను. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. సీడీని తొందరపడకుండా చదువుతుంది, తేడా అనిపించిన చోట మళ్లీ మళ్లీ చదువుతుంది, చివరికి అదే సీడీని ఎక్కించుకున్న వేరేవాళ్ల లెక్కలతో సరిచూసి చెబుతుంది. ఒక పాట దగ్గర డ్రైవు చాలాసేపు గింజుకుంది. చూస్తే డిస్కు అడుగున సన్నటి గీత. బట్టతో మధ్య నుంచి అంచుకి తుడిచి మళ్లీ పెట్టాను. అన్నింటి పక్కనా ‘అక్యురేట్’ అని పడ్డాక గానీ స్థిమితపడలేదు.

ఫ్లాక్ చేసే పని వినడానికి మామూలుగా ఉంటుంది. ఇంతవరకు వచ్చిన శాంపిళ్లని, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలని బట్టి తర్వాతది ఎంత ఉంటుందో అంచనా వేస్తుంది. అంచనాకీ అసలుకీ ఉన్న తేడాని మాత్రం రాసుకుంటుంది. తేడాలు చిన్న అంకెలు కాబట్టి తక్కువ చోటులో ఇమిడిపోతాయి. వినేటప్పుడు అంచనాకి తేడా కలిపితే అసలు అంకె యథాతథంగా వచ్చేస్తుంది. ఫైలు మొదట్లో మొత్తం ఆడియోకి ఒక ఎండీ5 ముద్ర కూడా ఉంటుంది, ఒక్క బిట్టు మారినా పట్టేస్తుంది. రాక్ సంగీతానికి ఫైలు సీడీ సైజులో సగానికి కాస్త పైన తేలుతుంది. లెక్క తెలిసిన అకౌంటెంటు పని. మ్యాజిక్ అంటూ ఏం లేదు.

వినడానికి వైరున్న హెడ్‌ఫోన్సే పెట్టుకున్నాను. బ్లూటూత్‌లో మామూలుగా మళ్లీ కుదించే పంపుతారు, ఇంత చేసి అక్కడ జారవిడుచుకోవడం ఎందుకు? వాల్యూం కూడా మామూలు కంటే పెంచాల్సి వచ్చింది. పాత సీడీల్లో మోత తక్కువ. తర్వాత తర్వాత రీమాస్టర్ పేరుతో అన్నింటినీ పిండి ఒకే ఎత్తుకి లేపడం మొదలుపెట్టారు గానీ, ఈ డిస్కు ఆ రోజులకి ముందుది.

వాన పడింది. చినుకు చినుకు విడిగా. పడే చోటు కూడా తెలుస్తోంది, ముందు కొంత, వెనక కొంత. గంట కొడితే దాని మోత వానలో కలిసి ఎంతసేపటికి ఆగిందో వినగలిగాను. ఆ తర్వాత రిఫ్ పడింది, పాటలో పదే పదే తిరిగొచ్చే గిటారు ముక్క. మూడే స్వరాలు, అందులో మూడోది వినేవాణ్ణి నిమ్మళంగా కూర్చోనివ్వని స్వరం, ట్రైటోన్. ఈసారి నన్ను పట్టుకున్నది ఆ స్వరం కాదు, దాని తర్వాతి ఖాళీ. గిటారు మోగి, సన్నగిల్లి, దాదాపు ఆగిపోతుంది. ఆ ఖాళీలో డ్రమ్మర్ బిల్ వార్డ్ టామ్స్ మీద దొర్లిస్తాడు. మా క్యాసెట్లో ఈ ఖాళీ లేదు, దాని నిండా రొదే. ఎంపీ3లో ఉన్నా, డ్రమ్ము మీద దెబ్బ పడకముందే సన్నగా దాని మసక వచ్చేసేది. ఇక్కడ దెబ్బ దెబ్బే, ఖాళీ ఖాళీయే. ఆ బరువంతా ఉన్నది మోతలో కాదు, ఆగి ఆగి మళ్లీ కొట్టడంలో ఉందని ఒళ్లు జలదరించేలా తెలిసింది.

వార్డ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెటల్ డ్రమ్మరంటే బండ బాదుడు అని ఒక పేరు. ఈయనేమో జీన్ క్రూపా లాంటి జాజ్ డ్రమ్మర్లని వింటూ పెరిగినవాడు. స్నేర్ మీద పెద్ద దెబ్బల మధ్య చిన్న చిన్న దెబ్బలుంటాయి, మణికట్టు విదిలింపులు. లయ నిలువుగా నడవదు, ఊగుతూ నడుస్తుంది. ‘ది విజార్డ్’లో హార్మోనికా కింద ఆయన చేసే హడావుడి ఇన్నేళ్లూ నాకు ఒక చప్పుడుగానే తెలుసు. విడివిడిగా వింటే ఆ మనిషి ఒక్కచోట కుదురుగా కూర్చున్నట్టే లేదు. గీజర్ బట్లర్ కథా అంతే. ముందు రిథమ్ గిటారు వాయించినవాడు బేస్ చేతపట్టాడు, కాబట్టి అడుగున ఊరికే స్వరం పట్టుకుని నిలబడడు. అయోమీ రిఫ్‌తో పాటు కలిసి నడుస్తాడు, తీగ వంచుతాడు, వీలు దొరికితే తప్పించుకుని సొంతదారి పడతాడు. నేను గిటారు అనుకున్న దాంట్లో సగం ఈయనదే.

ఇంకొకటి, సంకలనం వినేటప్పుడు మాత్రమే దొరికేది. క్యాసెట్లో పాటలన్నీ ఒకే గదిలో ఒకే రోజు వాయించినట్టు ఉండేవి. మా రొద అన్నిటికీ ఒకే రంగు పూసేసింది మరి. ఫ్లాక్‌లో పాటకీ పాటకీ అతుకు కనబడుతుంది. మొదటి ఆల్బం 1969 అక్టోబరులో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో వాయించేశారు. నలుగురూ ఒకేసారి, స్టేజి మీద వాయించినట్టు. ఆ ఎండిపోయిన గది శబ్దం అలాగే ఉంది. ‘పారనాయిడ్’కి వచ్చేసరికి కాస్త స్థిమితం కనిపిస్తుంది. ఆల్బంలో చోటు మిగిలితే నింపడానికి అప్పటికప్పుడు కట్టిన పాట అది. బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. మా స్పీకరు రోగం అనుకున్న ఆ సోలో గరగర రింగ్ మాడ్యులేటర్ అనే, శబ్దాన్ని విరిచే పరికరం పని. ఒక చెవిలో గిటారు శుభ్రంగా ఉంటుంది, ఇంకో చెవిలో ముక్కలై వస్తుంది. ఒక్క స్పీకరుకి ఆ రెండూ కలిసి పడితే అది మాత్రం ఏం చేస్తుంది పాపం.

ఆ తర్వాత ‘స్వీట్ లీఫ్’. దగ్గు అయోమీది. ఒక్కసారి దగ్గినదాన్నే కత్తిరించి తిప్పి తిప్పి అతికించారు, అన్నయ్య రూమ్మేట్‌కి దాంతో ఏ సంబంధమూ లేదు. ఆ వెనకే ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’ రిఫ్ పడగానే నేల ఒక మెట్టు కిందికి దిగినట్టు తెలుస్తుంది. 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బంలో కొన్ని పాటలకి అయోమీ గిటారు శృతిని మూడు సెమీటోన్లు (అరమెట్లు) దించేశాడు. ఇ ఉండాల్సిన చోట సి షార్ప్. బట్లర్ బేస్ కూడా దాంతో పాటే దిగింది. ఎందుకో చాలామందికి తెలిసిన కథే. పదిహేడో ఏట, రేకుల ఫ్యాక్టరీలో పనికి ఆఖరి రోజున, అయోమీ కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు మిషన్లో పోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి టోపీలు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు, సన్నటి తీగలు కట్టుకున్నాడు. శృతి దించితే తీగ వదులై నొక్కడం తేలికవుతుంది. శబ్దమూ లావెక్కుతుంది. ఆ దెబ్బ తిన్న రెండు వేళ్ల దగ్గరే ఒక సంగీతం పుట్టింది, తర్వాత ఎంతమంది దాన్ని పట్టుకుని బతికారో!

‘లగూనా సన్‌రైజ్’ని ఆ రోజుల్లో లెక్కలోకే తీసుకోలేదు. గొంతు లేదు, డ్రమ్ములు లేవు, అన్నయ్య క్యాసెట్లోకి ఎక్కించనూ లేదు. అకౌస్టిక్ గిటారు, దాని వెనక తీగవాద్యాలు, మూడు నిమిషాలు. ఇప్పుడు ఎక్కువసార్లు వింటున్నది అదే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి చెయ్యి జారుతుంటే తీగ మీద కిచుక్కుమంటుంది. ఆ రాపిడి చర్మానిదా, ఆ తోలు టోపీదా అని చెవి ఒగ్గి వెతుకుతాను. తేలదు. అయినా వెతుకుతాను. దాంతో పాటు ‘చేంజెస్’. అది కూడా 1972 నాటిదే, లాస్ ఏంజెలిస్‌లో ఉండగా చేసినది. అద్దెకున్న బంగళాలో పియానో కనిపిస్తే అయోమీ తనంతట తాను నేర్చుకుని వాయించాడు. ఆజీ గొంతు ఈ ఒక్క పాటలో దేనితోనూ పోటీ పడదు, ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది.

సంకలనం కట్టినవాళ్ల వరసతో మాత్రం నాకు పేచీ ఉంది. చివర్లో 1972 నాటి ‘స్నోబ్లైండ్’ పక్కన 1969లో వాయించిన ‘ఎన్.ఐ.బి.’ పెట్టారు. లాస్ ఏంజెలిస్ స్టూడియో నునుపులోంచి తీసుకెళ్లి ఆ ఎండు గదిలో ధబీమని పడేసినట్టుంటుంది. క్యాసెట్లో ఇది బాధించేది కాదు. ‘ఎన్.ఐ.బి.’ మొదట్లో వా పెడల్ మీద బట్లర్ ఒంటరిగా వాయించే బేస్ అంత దగ్గరగా వినబడుతుంది కాబట్టి సరిపెట్టుకుంటున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మోసమవుతుంది. ఇదంతా ఫ్లాక్ ఘనతే అనను. అదే సీడీ నుంచి నేనే 320 కేబీపీఎస్ ఎంపీ3 కూడా చేసుకున్నాను. ఏది ఏదో కనబడకుండా రెండూ మార్చి మార్చి వినిపించే ఏబీఎక్స్ పరీక్ష పెట్టుకుంటే బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. 128 అయితే సింబల్ పడిన తక్షణం దొరికిపోయింది. ఈ వయసులో 16 కిలోహెర్ట్జ్ పైన ఏముందో నా చెవికి ఎలాగూ అనవసరం. నాకు దక్కిన తేడాలో పెద్ద వాటా పిండకుండా వదిలేసిన పాత మాస్టరింగ్‌ది, రెండు చెవులకీ విడివిడిగా పెట్టే హెడ్‌ఫోన్స్‌ది. ఫ్లాక్ చేసిందల్లా ఉన్నదాన్ని చెడగొట్టకపోవడం. ఎక్కడైనా లోపం వినిపిస్తే అది రికార్డులోనే ఉందని ధీమాగా చెప్పగలను. ఆ ధీమా కోసమైనా ఆ ఎంబీలు ఇవ్వచ్చు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో, వాళ్లు పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. ఆజీ నల్ల సింహాసనంలో కూర్చునే పాడాడు. ‘వార్ పిగ్స్’, ‘ఎన్.ఐ.బి.’, ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’, నాలుగే పాటలు. నాలుగూ మా అరవై క్యాసెట్లో ఉన్నవే. జులై 22న ఆజీ పోయాడు.

ఆ వారం అన్నయ్య ఇంటికొచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టి, ఏమీ చెప్పకుండా మొదటి పాట నుంచి వినిపించాను. వాన దగ్గర తలెత్తి చూశాడు. రిఫ్ పడ్డాక కళ్లు మూసుకున్నాడు. పరవశించిపోతున్నాడని నేను మురిసిపోతున్నాను. పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి చేతిలో పెట్టి, “బానే ఉంది గానీ పల్చగా ఉందిరా. మన క్యాసెట్లో ఇంకా బరువుండేది” అన్నాడు. వాదించాను. డ్రమ్ములు విన్నావా, బేస్ విన్నావా అన్నాను. “అవన్నీ విడివిడిగా ఎవడికి కావాలి?” అన్నాడు. దగ్గు సంగతి చెబితే అస్సలు నమ్మలేదు. ‘స్వీట్ లీఫ్’ మొదలు మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని విన్నాడు, “మా వాడు అచ్చం ఇలాగే దగ్గేవాడు” అని మాత్రం ఒప్పుకున్నాడు.

గిటారు స్నేహితుడికి ఫోల్డరు పంపించాను. కింద ఒక ముక్క రాశాను: “‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’కి అన్ని తీగలూ మూడు సెమీటోన్లు దించు. అప్పుడు కుదురుతుంది. క్యాసెట్ తప్పు కాదు, నీ తప్పూ కాదు.”

కాసేపటికి జవాబొచ్చింది. “ఇప్పుడా చెప్పేది? గిటారు అమ్మేశానురా.”